గింజలోని గుణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున చదువుల దీపము నార్పక నిలుపుచు వచ్చిన ఈ గ్రంథాలయపు రజతోత్సవమునకు నన్ను పిలిచినందులకు కృతజ్ఞుడను. నేను సాహిత్యవేత్తను గాను. నా ఉద్యోగకాలమంతయు పప్పుధాన్యపు పైరుల మడుల నడుమ గడచినది. అట్టివాడు గ్రంథాలయ సభలో ఏమి మాటలాడవలెనని కార్యదర్శిగారి నడిగితిని. "మా ఊరికి ఏటేటా కొత్త కంది విత్తనం వస్తూనే ఉంది. ప్రతి సంచి మీదా గొప్పే రాసి ఉంటుంది. ఏది నమ్మాలో తెలియక చస్తున్నాం. ఆ సంగతి చెప్పండి" అని వారనిరి. ఇంతకంటె తగిన విషయము మరి లేదు. ఒక వంగడము పైకి చూపు వైభవమెంత, దాని గింజలో నిజముగా నున్న శక్తి యెంత, ఈ రెంటిని వేరుచేసి తెలిసికొనుట యెట్లు అనునదే నేటి నా ప్రసంగము.

మొదట నా తప్పు చెప్పుకొందును. నేను పరిశోధన క్షేత్రమున చేరిన తొలిదినములలో ఒకనాడు కంది మడుల గట్టు ప్రక్కన ఒక మొక్కను చూచితిని. ఇరుగుపొరుగు మొక్కలు భుజమెత్తు మాత్రముండగా ఇది నిలువెత్తునకు మించి పెరిగి, కొమ్మకొమ్మకు కాయగుత్తులతో వంగియుండెను. కాయలు లెక్కించితిని. ప్రక్క మొక్కకంటె మూడు రెట్లు. నా సంతోషమునకు మేర లేదు. మా పై అధికారి వచ్చి చూచి, "గింజ వేరుగా దాచు. కాని నాలుగేండ్ల దాక దీని సంగతి ఎవరికీ చెప్పకు" అనిరి. నేను గింజను దాచితినిగాని మాటను దాచలేకపోతిని.

ఆ గింజలో గుప్పెడు మా మేనమామగారి కిచ్చితిని. వారు దానిని పెరటిలో, ఎరువు దిబ్బ తీసివేసిన చోట, విత్తిరి. ఏపుగా పెరిగి కాచెను. దానితో వారికిని నమ్మకము కుదిరినది. మరుసటి యేడు తమ పాత కంది విత్తనమును పప్పుచేసి వాడుకొని, రెండెకరముల రేగడిలో నా గింజనే విత్తిరి. ఆ చేనిలో ఏటేట కందియే వేయుట వారి వాడుక. పైరు పూతకు వచ్చునప్పటికి మొక్కలు ఒకటొకటిగా వాడి, నిలుచున్నచోటనే ఎండసాగెను. కాండము చీల్చి చూడగా లోపల నల్లని చారలు. అది ఎండు తెగులు. సంక్రాంతి నాటికి చేను సగము కట్టెపుల్లలైనది. మిగిలిన మొక్కలలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. కాపులో ఊరి కందిని మించినది ఒక్కటియు లేదు. గట్టు కావలి చేనిలో ఊరి పాత కంది, తెగులు కొంత సోకినను, పంట నిచ్చి నిలిచెను.

మామగారు నన్ను నిందింపలేదు. "నీ మొక్క మంచిదేరా అబ్బాయీ! దాని పిల్లలే నీ మాట వినలేదు" అని నవ్విరి. ఆ యేడు వారింట అప్పు తీరలేదనియు, మరుసటి విత్తుబడికి పాత కంది గింజలకై పది ఇండ్లు తిరిగిరనియు మా అత్తయ్య చెప్పగా తరువాత తెలిసినది. ఆమె మాటలు నేటికిని నా చెవిలో నున్నవి.

ఆ మొక్క విషయమున నేను నాలుగు విధముల మోసపోతిని. గట్టు ప్రక్క మొక్కకు వెలుతురు హెచ్చు, తేమ హెచ్చు, పోటీ తక్కువ. ఆ వైభవము చోటుదిగాని గింజది గాదు. ఇది మొదటి మోసము. ఆ మొక్క పూవులపై తేనెటీగలు వ్రాలి, ప్రక్క మడుల పుప్పొడిని తెచ్చియుండును. దాని పిల్లలన్నియు దానివంటివి కానేరవు. ఇది రెండవది. ఒక్క చోట, ఒక్క ఏడు, ప్రక్కన సరిపోల్చుటకు ఊరి కంది యైన లేకుండ చూచి నమ్మితిని. ఇది మూడవది. తెగులు గల నేలలో దానిని నిలిపి చూడలేదు. ఇది నాలుగవది. ఈ నాలుగు మోసములకు విరుగుడు కనిపెట్టుటయే వంగడముల పరీక్షాశాస్త్రము. ఆ శాస్త్రము కట్టిన మొదటి మెట్లు పప్పుజాతి మొక్కల మీదనే కట్టబడినవని చెప్పిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును.

బ్రున్ అను ఊరి మఠములో మెండెల్ అను సన్యాసి బఠాణీలతో చేసిన ప్రయోగములను మీ పిల్లలు బడిలో చదువుచున్నారు. ఆయన మొదట విత్తన వర్తకులనుండి 34 రకముల బఠాణీలను తెప్పించి, రెండేండ్లు ఊరక పెంచి, ఏవి తరతరమునకు మారక నిలుచుచున్నవో చూచెను. వానిలో 22 రకములను మాత్రమే ప్రయోగములకు వాడెను. అనగా శాస్త్రము కంటె ముందు ఓపిక పుట్టినది. తరువాత గుండ్రని గింజల రకమును, ముడుతల గింజల రకమును సంకరము చేయగా, రెండవ తరమున 5474 గుండ్రని గింజలు, 1850 ముడుతల గింజలు వచ్చెను. మూడింటికి ఒకటి చొప్పున.

ఇంతవరకు అందరికి తెలిసినదే. నాకు ప్రియమైనది తరువాతి మెట్టు. ఆ గుండ్రని గింజలన్నియు చూపులకు ఒక్కటియే. వానిలో ఏది నికరముగా గుండ్రనిది, ఏది ముడుతల గుణమును లోపల దాచుకొన్నది? కన్ను చెప్పలేదు. మెండెల్ వానిని విత్తి, 565 మొక్కల సంతానమును వేరువేరుగా చూచెను. 193 మొక్కలు గుండ్రని గింజలనే యిచ్చినవి. 372 మొక్కలు రెండు విధముల గింజల నిచ్చినవి. గింజలో నేమున్నదో గింజనడిగిన ప్రయోజనము లేదు, దాని పిల్లల నడుగవలెను. మా మామగారు నవ్వుచు అన్న మాటయు ఇదియే గదా! ఈ పరిశోధనను మెండెల్ 1865లో సభలో చదివి, 1866లో అచ్చు వేయించెను. లోకము దానిని గుర్తించుటకు 1900వ సంవత్సరము రావలసి వచ్చినది.

పిమ్మట డెన్మార్కు దేశమున యోహాన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు చిక్కుడుజాతి గింజలను తీసికొనెను. అంగడిలో కొన్న ఆ గింజలనుండి 19 శుద్ధ సంతతులను వేరుచేసెను. ఒక్కొక్క సంతతి ఒక్కొక్క మొక్కనుండి తన పుప్పొడితోనే వచ్చినది. మిక్కిలి బరువైన సంతతిలో గింజ సగటున సుమారు 640 మిల్లీగ్రాములు తూగెను. మిక్కిలి తేలికైన సంతతిలో సుమారు 350 మిల్లీగ్రాములు. సంతతికి సంతతికి గల ఈ భేదము తరతరమునకు నిలిచినది. కాని ఒకే సంతతిలో పెద్ద గింజలను ఏరి విత్తినను, చిన్న గింజలను ఏరి విత్తినను, వాని పిల్లలు ఒకే బరువునకు వచ్చినవి. ఆరు తరములు ఏరినను ఫలము లేకపోయెను. ఆ చిన్న పెద్ద భేదములు కాయలో గింజ చోటువలనను, నీరెరువుల వలనను వచ్చినవేగాని, గింజ లోపలివి గావు. 1903లో ఆయన ఈ సంగతిని ప్రకటించెను. కంటికి కనబడు దృశ్యరూపము వేరు, లోపలి జన్యురూపము వేరు అను విభజనను, "జీన్" అను మాటను 1909లో ఆయనయే ప్రచారమునకు తెచ్చెను. మనము జన్యువనుచున్నది దానినే.

కళ్ళములో పెద్ద గింజలను ఏరి విత్తనమునకు దాచు రైతు చేయుచున్నది మంచి పనియా కాదా అని మీరడుగవచ్చును. మంచి పనియే. నిండు గింజ బలముగా మొలచును. పాత నాటు కందివలె పలు సంతతులు కలిసియున్న విత్తనములో ఏరుట వలన గుణము కొంత మారవచ్చును గూడ. కాని ఒకే శుద్ధ సంతతిలో ఎంత ఏరినను క్రొత్త గుణము పుట్టదు. లేనిదానిని ఏరుటచేత తేలేము.

గుణములన్నియు ఒకే విధముగా సంతానమునకు దిగవు. ఎంత దిగునో చెప్పు కొలతను అనువంశికత యందురు. దీనిని ఒక లెక్కతో చెప్పెదను. అంకెలు బోధపడుటకు కల్పించినవి మాత్రమే. ఒక చేనిలో మొక్కకు సగటున 40 గ్రాముల గింజ వచ్చుచున్న దనుకొనుడు. వానిలో సగటున 60 గ్రాములిచ్చిన మేలైన మొక్కలను ఏరితిమి. మనము ఏరినది సగటుకంటె 20 గ్రాములు హెచ్చు. వాని గింజను విత్తగా పిల్లల సగటు 46 గ్రాములు వచ్చినది. ఆశించిన 20 గ్రాములలో మనకు దక్కినవి ఆరే. అనగా నూటికి ముప్పది వంతులు. తక్కిన డెబ్బది వంతులు నేలవి, వానవి, అదృష్టమువి. కందిలో నూరు గింజల బరువు, పూతకు వచ్చు దినములు వంటి గుణములు బాగుగా సంతానమునకు దిగును. ఎకరపు దిగుబడి యట్లు దిగదు. పలు జన్యువులు కొంచెము కొంచెముగా దానిని నడుపును. ప్రతి వాన, ప్రతి పురుగు దానిని కదల్చును. కావుననే ఒక మొక్క దిగుబడిని చూచి వంగడమును మెచ్చుకొనువాడు నావలె పశ్చాత్తాపపడును.

ఇక క్రొత్త వంగడము పుట్టు క్రమము. మంచి గుణములు వేరువేరుగా గల ఇద్దరు తల్లిదండ్రులను ఎన్నుకొని సంకరము చేయుదురు. ఈ ఎన్నికలో తెలుగువారికి గర్వకారణమైన ఒక కథ కలదు. రెండు సమూహముల నడుమ పలు గుణములలో గల దూరమును ఒకే అంకెతో కొలుచు విధమును 1936లో ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు ప్రకటించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో ఆయన కడ పనిచేసిన మన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1952లో వెలువరించిన గ్రంథములో ఆ పద్ధతిని జీవశాస్త్ర పరిశోధకులకు సులభముగా నుపయోగపడునట్లు విస్తరించిరి. నాటినుండి మన వ్యవసాయ కళాశాలలలో కంది, పెసర, మినుము, శనగ వంగడములను గుంపులుగా విభజించి, మేలై యుండియు ఒకదానికొకటి దూరమైన తల్లిదండ్రులను ఎన్నుకొనుటకు ఆ లెక్కను వాడుచు వచ్చిరి. రావుగారు 2023లో నూట రెండేండ్ల వయసున కీర్తిశేషులైరి. ఏనాడును నాగలి పట్టని గణితజ్ఞుని కలము మన చేల విత్తనములో నున్నది.

సంకరపు మొక్క తన పుప్పొడితోనే గింజకట్టిన కొలది లోపలి మిశ్రమము తరతరమునకు సగమగుచు పోవును. రెండవ తరమున సగము, మూడవ తరమున పావు, నాల్గవ తరమున అరపావు, ఐదవ తరమున వీసము, ఆరవ తరమున అరవీసము. అప్పటికి సంతతి నిలుకడకు వచ్చును. కాని కంది యింత సాధువైన పైరు గాదు. తేనెటీగల వలన చోటునుబట్టి నూటికి ఇరువది వంతులవరకు, ఒక్కొక్కచోట అంతకు మించియు, పరపుప్పొడి కలియును. కావున పరిశోధకులు పూత రాకముందే మొక్కలకు సన్నని వల సంచులు తొడుగుదురు. ధ్రువీకరణ విత్తనము పండించువారు ఇతర కంది చేలకు నూరు మీటర్లయినను దూరముగా వేయవలెననుట ఇందులకే. మీ ఇంట దాచిన మంచి కంది నాలుగైదేండ్లకు "గుణము తప్పినది" అని మీరనుట వాస్తవమే. అది భూమి తప్పు గాదు, తేనెటీగ తెచ్చిన చుట్టరికము.

ఆ చుట్టరికమునే మేలునకు మలచినవారును కలరు. మన తూర్పు కనుమల అడవులలో కందికి దగ్గరి జ్ఞాతియైన అడవి కంది యొకటి పెరుగును. ఆ జాతినుండి పుప్పొడి లేని గుణమును తెచ్చి, తేనెటీగల సాయముతో, పటాన్‌చెరువులోని ఇక్రిసాట్ సంస్థ కందిలో సంకర విత్తనమును సాధించినది. అట్టి సంకర రకమొకటి 2010లో మధ్యప్రదేశమున విడుదలైనది. పనికిమాలిన పొదయని ఎవరును చూడని మొక్కలో ఏ శక్తి దాగియున్నదో పరీక్షించి చూచినగాని తెలియదు.

సంతతులు నిలుకడకు వచ్చిన పిదప అసలు పరీక్ష. ఇరువది వంగడములను ఇరువది మడులలో వేసి, హెచ్చు పండినదే మేలన్నచో, మేలైనది వంగడమో మడియో తెలియదు. ఒకే ఎకరములో ఒక మూల చవుడు, ఒక మూల ఒండ్రు అని మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ క్షేత్రమున పనిచేసిన ఫిషర్ ఈ చిక్కును విప్పెను. 1935లో ఆయన గ్రంథము వెలువడినది. ఆయన చెప్పిన సూత్రములు మూడు. ఒకటి, ప్రతి వంగడమును ఒక్క మడిలో గాక మూడు నాలుగు మడులలో వేయవలెను. రెండు, ఏ మడికి ఏ వంగడమో మన యిష్టము చొప్పున గాక చీటీలు వేసి నిర్ణయింపవలెను. మన మనసు తెలియకయే ముద్దుబిడ్డకు మంచి మడి నిచ్చును; చీటీకి ముద్దుబిడ్డ లేదు. మూడు, నేల ఒక్క తీరుగా నున్న తునకలను ఒక్కొక్క గుంపుగా చేసి, ఆ గుంపులోనే అన్ని వంగడములను పోల్చవలెను. వీనికి తోడు ఊరిలో అందరెరిగిన రకమును ప్రతి గుంపులోను వేయుదురు. అది తూనికరాయి వంటిది. రాయి లేని త్రాసులో ఏది యెంత తూగెనన్నను నమ్మరాదు. గింజ చాలని తొలిదశలో క్రొత్త వంగడములను ఒక్కొక్క వరుస మాత్రమే వేసి, తూనికరాయి రకమును మాత్రము పలుచోట్ల వేసి సరిచూచు పద్ధతి కూడ కలదు. ఇక గట్టు వరుసలను ఏనాడును లెక్కలోనికి తీసికొనరు. నా మొదటి మోసమునకు విరుగుడు ఇదియే.

ఒక క్షేత్రమున గెలిచినది మరియొక క్షేత్రమున ఓడవచ్చును. పల్నాటి నల్లరేగడిలో వాన వెనుకబడినను తేమ నిలుచును. మహబూబునగరపు ఎర్ర చల్కాలో వాన నిలిచిన పది దినములకే మొక్క తలవంచును. రేగడిలో ఆరు నెలలు నిలిచి కాచు వంగడము చల్కాలో పూతకు రాకముందే ఎండును. కావున అఖిల భారత సమన్వయ పరిశోధన పథకము క్రింద ఒకే వంగడములను పలు రాష్ట్రములలో, పలు క్షేత్రములలో, వరుసగా మూడేండ్లు పరీక్షింతురు. సగటు చూచుట చాలదు. మంచి యేట మిన్నంటి, చెడ్డ యేట మట్టిగరచు వంగడమొకటి. ఏ యేటను మిన్నంటకపోయినను ఇల్లు గడపునది మరియొకటి. 1966లో ఎబర్‌హార్ట్, రస్సెల్ అను ఇద్దరు ఈ నిలుకడను కొలుచుటకు లెక్క కట్టిరి. నీటివసతి గల భాగ్యవంతునికి మొదటిది తగును. వానను నమ్మిన రెండెకరముల రైతునకు రెండవదియే ప్రాణరక్ష.

తెగుళ్ళ మాట. ఎండు తెగులును పరీక్షించుటకు పరిశోధకులొక విచిత్రమైన పని చేయుదురు. తెగులుసోకి చచ్చిన కంది కట్టెను ఏటేట ఒకే మడిలో కలియదున్ని, ఆ నేలను కావలెనని రోగపు నేలగా మార్చుదురు. అందు క్రొత్త వంగడముల నడుమ నడుమ తెగులునకు తప్పక లొంగు రకమును సాక్షిగా విత్తుదురు. సాక్షి చచ్చిన చోట బ్రదికిన వంగడమునకే మెప్పు. సాక్షియు బ్రదికినచో ఆ యేటి పరీక్షకు విలువ లేదు. గొడ్డుమోతు తెగులునకు మరియొక ఉపాయము. ఈ తెగులును కంటికానని నల్లి మోసుకొని వచ్చును. తెగులాకును తెచ్చి లేత మొక్క ఆకునకు పిన్నుతో గుచ్చిన నల్లులు దానిమీదికి ప్రాకును. ఒక తెగులును తట్టుకొన్నది మరియొకదానిని తట్టుకొనునను నియమము లేదు. 1980ల నడుమ కర్ణాటకమున విడుదలైన "మారుతి" కంది ఎండు తెగులును చక్కగా తట్టుకొని ఆ ప్రాంతపు రైతుల నాదుకొన్నది. కాని గొడ్డుమోతు తెగులునకు అది సులువుగా లొంగును. 1993లో వచ్చిన "ఆశ" రకము రెంటిని తట్టుకొన్నది. రెండు పరీక్షలును వేరువేరుగా చేయుటచేతనే ఈ భేదము తెలిసినది.

పొలము గెలిచిన వంగడము వంటింట ఓడవచ్చునని కూడ మరువరాదు. కంది తినబడునది పప్పుగా. నూరు పాళ్ళ కందికి ఎంత పప్పు దిగును, పొట్టు సులువుగా ఊడునా, నూక యెంత, పప్పు ఎంతసేపటికి ఉడుకును అని చూడవలెను. దిగుబడిలో ముందున్న వంగడమైనను ఉడకనిచో ఇల్లాలు దానిని రెండవసారి ఇంటికి రానీయదు, బేరగాడు ధర పెట్టడు. తాండూరు కందిపప్పునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించుటకు మూలము ఆ నేల, ఆ రుచి, ఆ ఉడుకు.

ఈ పరీక్షలన్నియు నెగ్గిన వంగడమేమి చేయగలదో మన రాష్ట్రముననే చూచితిమి. శనగ చలిదేశపు పైరనియు, మన దక్షిణాదిన లాభము లేదనియు ఒకప్పుడు తలంచిరి. కర్నూలు, ప్రకాశము జిల్లాల రేగడి రైతులు అన్నిగేరి అను పాత రకమును వేసి, ఎండు తెగులుతో నష్టపోవుచుండిరి. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము, ఇక్రిసాట్ కలిసి రూపొందించిన "జె.జి. 11" 1999లో విడుదలైనది. మూడు నెలలు దాటిన కొలది దినములకే కోతకు వచ్చి, ఎండ ముదురకముందే గింజకట్టి, ఎండు తెగులును తట్టుకొనుచు, అన్నిగేరికంటె లావైన గింజ నిచ్చుటచే, పది పదునైదేండ్లలో రాష్ట్రమున శనగ వేసిన నేలలో అధికభాగము దానిదే యైనది. పొగాకు, ప్రత్తి వేసి విసిగిన రైతులనేకులు శనగకు మరలిరి. మరి అన్నిగేరి చచ్చినదా? లేదు. దానిలో లేని తెగులు నిరోధకశక్తిని మరియొక రకమునుండి తెచ్చి కలిపిన "సూపర్ అన్నిగేరి 1" 2019లో వెలువడినది. పాతదానిలోని మేలును పారవేయక, లోటును మాత్రము పూడ్చిరి.

ఈ లోటు పూడ్చుటకు సాయపడినది జన్యువులను నేరుగా చదువు విద్య. 2011లో ఇక్రిసాట్ శాస్త్రజ్ఞుల నాయకత్వమున కంది జన్యుపటలమును చదివిరి. అందులకు తీసికొన్నది "ఆశ" రకమే. అందు 48 వేలకు పైగా జన్యువులున్నవని అంచనా వేసిరి. ఇప్పుడు మొలకనుండి చిటికెడు ఆకును తీసి పరీక్షించి, ఆ మొక్కలో ఫలాని తెగులును తట్టుకొను జన్యువున్నదో లేదో చెప్పుట కొన్ని విషయములలో సాధ్యము. వేల జన్యుగురుతులను ఒకేసారి లెక్కించి దిగుబడిని అంచనా వేయు పద్ధతిని 2001లో ప్రతిపాదించిరి. అయిననేమి? ఆ లెక్కకు అక్షరాభ్యాసము చేయించునది మరల పొలమే. మడులలో నిజాయితీగా తూచిన అంకెలు లేనిచో జన్యుగురుతులు అర్థము తెలియని లిపివంటివి. క్రొత్త విద్య ఓపికను తగ్గించినది గాని, పొలమును కొట్టివేయలేదు.

గ్రంథాలయమున నిలుచుండి ఒక మాట చెప్పక మానలేను. పటాన్‌చెరువులో విత్తన భాండాగారమొకటి కలదు. అందు 13 వేలకు పైగా కంది నమూనాలను శీతల గదులలో భద్రపరచియున్నారు. దీర్ఘకాలము నిలువవలసినవి సున్నకు ఇరువది డిగ్రీలు దిగువన ఉండును. ప్రతి పొట్లమునకు సంఖ్య, పుట్టిన ఊరు, తెచ్చిన సంవత్సరము, గుణముల పట్టిక కలవు. మీ గ్రంథాలయపు పుస్తకముల పట్టికకును దానికిని భేదమేమున్నది? పది సంవత్సరములు ఎవరును చదువని పుస్తకమొకనాడు ఒక బాలుని జీవితమును మార్చినట్లే, ఎవరును కోరని ఒక నాటు కంది పొట్లము ఒక తెగులు ఏటి రైతుల నందరిని కాపాడవచ్చును. మా మామగారు వంటకు వాడిన పాత కందిలో ఏ గుణముండెనో ఇక ఎవరును చెప్పలేరు. ఆ గ్రంథము నా చేత కాలిపోయినది.

కావున మీకు నా మనవి. క్రొత్త విత్తనము వచ్చినప్పుడు సంచిమీది గొప్ప చదువుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు. ఎన్ని చోట్ల, ఎన్నేండ్లు పరీక్షించిరి? ఏ రకముతో పోల్చిరి? ఏ తెగులునకు నిలిచినది, దేనికి లొంగును? ఏ నేలకు, ఏ వానకు తగినది? ఇది దయతో చెప్పవలసిన సమాచారము గాదు. 2001 నాటి వంగడముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము ప్రకారము, ఆ చట్టము క్రింద నమోదైన వంగడపు విత్తనమును రైతునకు అమ్మినచో, ఏ పరిస్థితులలో అది యెంత పండునో ఆ వంగడమును రూపొందించినవారు అతనికి తెలుపవలెను. తెలిపిన మేరకు పండనిచో పరిహారము కోరు హక్కు రైతునకు కలదు. తన పంట గింజను దాచుకొనుటకు, పంచుకొనుటకు, వర్తక ముద్ర వేయకుండ అమ్ముకొనుటకు కూడ ఆ చట్టమే హక్కు నిచ్చినది.

రెండవది, ఎంతటి మేలైన రకమైనను మొదటి యేడు చేనినంతటిని దానికి అప్పగింపకుడు. చేను నడుమ, గట్టుకు దూరముగా, నాలుగు సాళ్ళు క్రొత్తది, నాలుగు సాళ్ళు పాతది వేయుడు. రెండు మూడు చోట్ల అట్లు వేసి, వేరువేరుగా కోసి, వేరువేరుగా తూచుడు. పాత విత్తనమును కుండలో వేపాకు వేసి, మూతకు మట్టి మెత్తి దాచుడు.

మూడవది ఈ గ్రంథాలయమునకు. అలమరలో ఒక లావు పుస్తకమును తెల్ల కాగితములతోనే ఉంచుడు. ఏ రైతు, ఏ చేనిలో, ఏ విత్తనము, ఏనాడు విత్తెను, ఎన్ని వానలు, ఏ తెగులు, ఎంత పండెను అని ఏటేట అందు వ్రాయుడు. ఓడిన పంటను కూడ సిగ్గుపడక వ్రాయుడు. గెలిచిన పంటకంటె అదియే హెచ్చు నేర్పును. వ్రాయలేని వృద్ధుల మాటలను వారి మనుమలు వ్రాయవచ్చును. పదేండ్లు వ్రాసినచో ఈ గ్రామపు నేలకు ఏ గింజ తగునో ఏ క్షేత్రపు శాస్త్రజ్ఞుడైనను మీ యొద్దకు వచ్చి చదువుకొని పోవును. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకము ఈ అలమరలోని గ్రంథములన్నిటికంటె హెచ్చుగా నలిగియుండవలెనని నా కోరిక.

ఆ పుస్తకమునకు మొదటి పుటలో వ్రాయుటకు, అధ్యక్షులవారు అనుమతించినచో, మా మామగారి రెండెకరముల సంగతిని నేనే నా చేతితో వ్రాసి ఇచ్చి పోయెదను.